నెత్తురులోని దొంగగొంతు

పోయినవారం నోయెమీని చెవి దగ్గర ఫోను పెట్టుకుని, నిలువునా నీరైపోతూ ఉండగా వదిలిపెట్టి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. మధ్యలో పెళ్ళిళ్ళూ పేరంటాలూ వచ్చి కథ మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు నడుస్తాను.

పాల్మసోలా కొండమీది అడవి కొట్టేసి అవకాడో తోటలు వేస్తామని కంపెనీవాళ్ళు కాగితాలన్నీ చేయించుకుని వచ్చారు. ఆ అడవిలోని ఊటే ఊరందరికీ మంచినీళ్ళు. అడవి పోతే ఊట పోతుంది, ఊట పోతే ఊరు పోతుంది. అయితే ఆ ఊట చుట్టూ తిరిగే ఒక చిన్న గోధుమరంగు పిట్ట ఉంది. ఊరివాళ్ళు దాన్ని ఊటపిట్ట అంటారు. కింద పెరళ్ళలో తిరిగే పెరటిపిట్టకు ఇది తోబుట్టువేనని చదువుకున్నవాళ్ళంతా అనుకున్నారు. కాదు, దీని వంశమే వేరు, లోకంలో ఈ కొండమీద తప్ప ఇంకెక్కడా లేదని డీఎన్ఏ చూసి నోయెమీ తేల్చింది. ఆ ఒక్కమాట మీద జడ్జి రంపాలను ఆపించాడు. శుక్రవారం ఆఖరి విచారణ. సోమవారం సాయంత్రం గిల్దార్దో ఫోన్ చేశాడు. ఒకప్పుడు నోయెమీ పక్క బల్లమీదే పనిచేసినవాడు, ఇప్పుడు కంపెనీ తరఫున నిపుణుడు. ఒక్కటే అడిగాడు, "నెత్తురు తీశావా, కండ తీశావా?" అని. నెత్తురే అంది నోయెమీ. "అయ్యో నోయెమీ" అని పెట్టేశాడు.

ఆ అయ్యో ఉందే, అది తిట్టుకంటే పెద్దది. ఎగతాళి చేసి ఉంటే నోయెమీ కూడా నాలుగు అంటించి ఊరుకునేది. వాడు జాలిపడ్డాడు. జాలిపడ్డాడంటే ఏదో ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి ఊటపిట్ట అక్షరాల వరుసను మొదటినుంచీ చదువుకుంటూ వచ్చింది. ఎన్నిసార్లు చూసిన వరుసో! చూసిన ప్రతిసారీ ఎక్కడెక్కడ తేడాలున్నాయో చూసుకుని మురిసిందే తప్ప మిగతాది పట్టించుకోలేదు. ముద్దొచ్చే బిడ్డకు మెల్లకన్నున్నా కన్నతల్లికి కనపడదు కదా, అలాగ. నట్టనడుమ, ఉండకూడని చోట, ఒక ఆగుగుర్తు. బతికి పనిచేసే జన్యువు మధ్యలో అలా ఆగదు. ఆగిందంటే అది బతికినది కాదు.



మంగళవారం పొద్దున్నే కొండెక్కింది. ప్రతి మలుపులోనూ వెనక్కి పోదామా అనుకుంటూనే ఎక్కింది. వెళ్ళి వెళ్ళి సరిగ్గా కన్వీతే రోజున వెళ్ళింది. ఏటా వానలు ముదిరే ముందు ఊరంతా కలిసి ఊట తొట్టిలో పేరుకున్న బురద ఎత్తిపోసి, గొట్టాలు కడిగి, ఆకులు అడ్డుపడకుండా దడి కట్టుకునే పని అది. ఇంటికొకరు రావాల్సిందే. కొందరు పారలు తెస్తారు, కొందరు కోళ్ళు తెస్తారు, ఏమీ లేనివాళ్ళు నోరు తెస్తారు. రాళ్ళమీద పెద్ద కాగులో కోడి, కర్రపెండలం, పచ్చి అరటికాయలు, మొక్కజొన్న కండెలు వేసి సంకోచో అనే పులుసు కాస్తారు. ఆ పొగ వాసనకు దిగువ ఊళ్ళ కుక్కలు కూడా కొండెక్కి వస్తాయి.

కాగు దగ్గర దోన్యా దియోసెలీనా ఉంది. దోన్యా అంటే అక్కడ పెద్దావిడను పిలిచే మర్యాద, మగవాళ్ళకైతే దోన్. ఆవిడ నోటికి జడిసి కాగుకూడా తొందరగా మరుగుతుందని ఊళ్ళో నానుడి. నోయెమీ కొండకు వచ్చినప్పుడల్లా ఉండేది ఆవిడ ఇంట్లోనే.

"వచ్చావా డాక్టరమ్మా! ముఖమేంటే, కోళ్ళు తొక్కిన పిండిలాగా ఉంది? కింద పట్నంలో నీకు తిండి పెట్టేవాళ్ళే లేరా?"

"తిన్నాను దోన్యా."

"తిన్న ముఖమా అది? ఇదిగో, ముందు బెల్లం నీళ్ళు తాగు. జున్నుముక్క వేశాను, అడుగున ఉంటుంది చూడు."

డాక్టరమ్మ అనేది కూడా పెద్ద కథే. నోయెమీ మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరంట అని విని, పాలలారీ ఎఫ్రాయిన్ పొదుగువాపు ఆవును తోలుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. నేను పిట్టల చుట్టరికాలు చూసే డాక్టర్నయ్యా అంటే, "అయితే దీనికి మేనరికం తప్ప ఇంకే రోగమూ లేదంటారా?" అని అడిగాడు. ఆ ఎఫ్రాయినే ఇప్పుడు మోకాళ్ళదాకా బురదలో ఉండి చెయ్యూపుతున్నాడు.

"డాక్టరమ్మా, నా లారీ చూశారా కింద? శుక్రవారం అందరం దాంట్లోనే కోర్టుకు. ముందు అద్దం పైన ఊటపిట్టను వేశాను నా చేత్తో."

"పిట్టను వేశావా, పొట్టపగిలిన బంగాళాదుంపను వేశావా?" అంది దియోసెలీనా. "పొద్దున్న చూసి నేను తొక్క తీద్దామనుకున్నాను."

అందరూ నవ్వారు. నోయెమీ గిన్నె పట్టుకుని నిలబడింది. బెల్లం నీళ్ళు వేడిగా ఉన్నాయి, చేతులు మాత్రం చల్లగానే ఉన్నాయి. ఇంత సంతోషంలోకి ఇంత చావుకబురు ఎలా తీసుకుపోవడం?

తొట్టి మధ్యలో దోన్ అర్సేసియో ఉన్నాడు. నీటి సంఘానికి పెద్ద. తెల్లటి మీసం, భుజాన మడిచిన రువానా కంబళి, చేతిలో పార. ఊళ్ళో ఏ కొళాయికి ఏ గొట్టం పోతుందో అంతా ఆయన వేయించిందే. నోయెమీ గట్టు దగ్గరికి వెళ్ళింది.

"దోన్ అర్సేసియో, మీతో ఒక్కమాట. మనిద్దరమే మాట్లాడుకోవాలి."

"కన్వీతేలో మనిద్దరమే అనే మాట లేదు తల్లీ. అందరి నీళ్ళు, అందరి మాట. మాట్లాడాలంటే సంగతి తెలుసుగా."

తెలుసు. ఊటకు సంబంధించి కన్వీతేలో ఎవరు నోరు తెరవాలన్నా ముందు చేతికి బురద అంటాలి. పొడి చేతులవాడికి మాటా లేదు, ఓటూ లేదు. ఓసారి మేయరే వచ్చి గట్టుమీద ఉపన్యాసం మొదలుపెడితే, అర్సేసియో మారుమాట్లాడకుండా ఆయన చేతికి పార ఇచ్చాడట. నోయెమీ నాలుగేళ్ళుగా వస్తున్నా ఎప్పుడూ తన వలలూ తన సంచులూ పట్టుకుని ఒడ్డునే ఉండిపోయింది. ఇవాళ బూట్లు విప్పింది, పంట్లాము మడిచింది, దిగింది. ఊట నీళ్ళు ఎముకలు కొరికినంత చల్లన. ఊరంతా ఈలలు వేసింది.

"డాక్టరమ్మ దిగింది! గెలిచాం పొండి!" అని అరిచాడు ఎఫ్రాయిన్.

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. వంగి రెండు చేతులా బురద ఎత్తి గట్టుమీద వేసింది. మళ్ళీ ఎత్తింది. అలా ఎత్తుతూ ఎత్తుతూనే, తల ఎత్తకుండానే అనేసింది.

"నేను తప్పు చెప్పాను."

పక్కనున్నవాళ్ళు ఆగారు. వాళ్ళు ఆగారని అవతలివాళ్ళు ఆగారు. పారల చప్పుడు ఒక్కొక్కటిగా సద్దుమణిగి, చివరికి నీళ్ళ చప్పుడు మాత్రం మిగిలింది.

"ఊటపిట్ట వంశం వేరని కోర్టుకు రాసిచ్చాను కదా. అది వేరో కాదో నాకు తెలియదు. నేను విన్నది దాని గొంతు కాదు."

"నువ్వు పాట వినలేదుగా, నెత్తురు చూశావు కదా?" అన్నాడు అర్సేసియో. కోపం ఇంకా రాలేదు. ఆయనకు ఇంకా అర్థంకాలేదు.

నోయెమీ చుట్టూ చూసింది. చదువుకున్న మాటల్లో చెబితే ఒక్కరికీ ఎక్కదు. ఎక్కకపోతే అది మోసం కిందే లెక్క. కాగు దగ్గరి దియోసెలీనా వైపు తిరిగింది.

"దోన్యా, మీ అమ్మ మీకు పాడిన జోలపాట మీరు మీ కూతురికి పాడారా?"

"పాడాను. అది ఇప్పుడు దాని పిల్లలకు పాడుతోంది. తప్పులు తప్పులుగా."

"ఆ తప్పులే నాకు కావాలి. ప్రతి ఇంట్లో తల్లినుంచి పిల్లకు పాట దిగుతుంది. దిగినప్పుడల్లా ఎక్కడో ఒక మాట మారుతుంది. రెండిళ్ళ పాటల్లో తేడాలు కొంచెమే ఉంటే వాళ్ళు అక్కచెల్లెళ్ళ బిడ్డలు. ఎక్కువ ఉంటే ఎప్పుడో వేలువిడిచిన చుట్టాలు. పిట్టల ఒంట్లో కూడా అలా తల్లి దగ్గర్నుంచే దిగే రాత ఒకటి ఉంటుంది. ఊటపిట్టదీ పెరటిపిట్టదీ పక్కపక్కన పెట్టి చూశాను. తేడాలు బోలెడు. అందుకే దూరపు చుట్టమన్నాను."

"సరే. తప్పేముంది అందులో?"

"ఎప్పుడో యుగాల కిందట, ఒక అవ్వ పాడుతుంటే ఎవరో టేపులో పట్టి అటకమీద పారేశారనుకోండి. కింద ఇంట్లో పాట మారుతూనే ఉంది. అటకమీద టేపు మాత్రం అప్పటిదే, బూజుపట్టి, అక్కడక్కడ తెగి. ప్రతి పిట్ట ఒంట్లోనూ అలాంటి టేపులున్నాయి. కండలో అయితే పాడే తల్లులు వేలకు వేలు, ఆ హోరులో టేపు వినపడదు. నెత్తురులో పాడేవాళ్ళు తక్కువ. కానీ టేపు మాత్రం ప్రతి కణంలోనూ ఉంటుంది. మనుషుల నెత్తురుకు ఈ మాయ లేదు, పిట్టల నెత్తురుకే ఉంది." నోయెమీ బురద చేతులకేసి చూసుకుంది. "నేను నెత్తురు తీశాను. అటకమీది టేపు విని, ఆ ఇంట్లో ముసలమ్మ ఉందనుకున్నాను. అందుకే అది అంత పాత వంశంలా కనిపించింది."

దియోసెలీనా గరిటె కాగులో ఆగిపోయింది.

"మరి కండే తీయలేకపోయారా?" అన్నాడు ఎఫ్రాయిన్.

అన్నవాడే నాలిక కరుచుకున్నాడు. ఎందుకు తీయలేదో అక్కడ అందరికీ తెలుసు. ఊట దగ్గర పిట్టను చంపితే ఊట ఎండుతుందని ఆ ఊరి నమ్మకం. పిల్లలు కూడా ఇటువైపు వచ్చేటప్పుడు ఉండేళ్ళు ఇంట్లో పెట్టి వస్తారు. నాలుగేళ్ళ కిందట ఇదే నీళ్ళలో చెయ్యి కడిగించి, ఒక్క పిట్టనూ చంపనని నోయెమీ చేత అర్సేసియో మాట తీసుకున్నాడు. ఒక్కదాన్ని తీసుకోవడానికి సర్కారు అనుమతి ఆమె దగ్గరే ఉంది. దాన్ని పెట్టెలో మడిచి పెట్టేసింది. రెక్క కింద సన్నటి నరంలోంచి ఒక్క చుక్క తీసి, దూది అద్ది, కారడం ఆగేదాకా పట్టుకుని ఎగరేసేది. ఎగిరిపోతున్న దాన్ని చూస్తూ ఎంత గర్వపడేదో. పట్నంలో పెద్ద మాస్టారు కోప్పడితే, మీకు జాలి లేదండీ అని ఎదురు కూడా చెప్పింది. ఆ జాలే ఇవాళ పాములా మెడకు చుట్టుకుంది.

"ఈకలు పీకొచ్చుగా?" అంది దియోసెలీనా. "ఈక పీకితే ఏ పిట్టా చావదు. నా కోళ్ళను చూడు."

"పీకాను దోన్యా, పోయినేడే. రెండు గొంతులూ ఒకేసారి మాట్లాడాయి. అప్పుడు అది చెమ్మ తగిలి పాడైందనుకుని పక్కన పడేశాను. ఏది అసలుదో ప్రమాణం చేసి చెప్పలేను."

"అయితే కండే అని చెప్పెయ్యండి!" ఎఫ్రాయిన్ ముందుకొచ్చాడు. "ఎవడు చూడొచ్చాడు?"

"గిల్దార్దో చూపించమంటాడు. కండ తీస్తే పిట్ట ఒళ్ళు ఉండాలి కదా, అది ఏదీ అంటాడు."

అర్సేసియో పారను బురదలో గుచ్చాడు. మెల్లగా, చాలా మెల్లగా మాట్లాడాడు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న సాయంత్రం."

"తెలిసి, పొద్దున్నే ఇంత కొండెక్కి వచ్చావు. మా వాళ్ళ నోట్లో ఆ కాస్త ముద్ద పడకముందే చెప్పడానికి వచ్చావు. శుక్రవారం దాకా ఆగితే నీ సొమ్మేం పోయేదమ్మా? ఓడితే అక్కడ ఓడేవాళ్ళం. ఈ నాలుగు రోజులైనా ఈ నీళ్ళు మనవేననుకుని తాగేవాళ్ళం."

"దోన్ అర్సేసియో..."

"నా భార్య పోయేటప్పుడు కూడా నేను ఏ దేవుడికీ ఇంత మొక్కుకోలేదు. నీ కాగితానికి మొక్కాను. డాక్టరమ్మ చెప్పింది, ఇంక తిరుగులేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అమ్ముకుని పోదామన్నవాళ్ళను ఆపాను. ఇప్పుడు వాళ్ళకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

నోయెమీకి కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకుందామంటే చేతులు బురద. అలాగే కారనిచ్చింది.

"ఇంకా ఒక దారి ఉంది. అందుకే వచ్చాను. దారి లేకపోతే ఈ ముఖం మీకు చూపించే ధైర్యం నాకు ఉండేది కాదు."

"చెప్పు."

"ఒక్క పిట్ట. ఇవాళే. ఎఫ్రాయిన్ లారీలో దాన్ని మంచుపెట్టెలో కిందికి తీసుకుపోతే, ప్రయోగశాలలో నా స్నేహితురాలు కాచుకుని ఉంది. శుక్రవారం పొద్దుటికి అసలు గొంతు ఏమిటో తెలిసిపోతుంది. గిల్దార్దో ఏం అడిగినా ఒళ్ళు చూపించగలను."



"తెలిసి?" అన్నాడు అర్సేసియో. "తెలిసి, అది మామూలు పెరటిపిట్టకు చెల్లెలే అని తేలితే?"

నోయెమీ వంగి ఇంకో దోసెడు బురద ఎత్తి గట్టుమీద వేసింది.

"అడిగింది నిన్నే."

"తేలితే, ఓడిపోతాం."

"ఓడిపోతాం. పిట్టనూ చంపి, మాటనూ చంపి, అడవినీ అప్పగించి. అంతేగా?"

"అంతే."

దియోసెలీనా గరిటెతో సహా గట్టుమీదికి వచ్చేసింది. "సాక్షిని చంపి సాక్ష్యం చెప్పించుకుంటారా? ఏ దేశపు న్యాయమే ఇది తల్లీ! నా ఇంట్లో మూడు దుప్పట్లు కప్పుకుని పడుకుని, నువ్వు నేర్చుకున్న చదువు ఇదేనా?"

"అత్తా, ఆగు," అన్నాడు ఎఫ్రాయిన్. "అడవి కొట్టేస్తే మిగిలేది ఎన్ని? ఒక్కటీ మిగలదు. ఒక్కటి పోయి మిగతావి ఉంటాయంటే..."

"ఒక్కటి, మిగతావి! నీ నలుగురు పిల్లల్లో ఒకణ్ణి ఇవ్వరా, మిగతా ముగ్గురికీ నీళ్ళొస్తాయి. ఏ ఒకణ్ణి ఇస్తావు? వేలుపెట్టి చూపించు!"

"పిల్లలూ పిట్టలూ ఒకటేనా అత్తా?"

"దాని తల్లిని అడిగి చెప్పు."

ఎఫ్రాయిన్ ముఖం ఎర్రబడింది. "నా ఆవులకు నీళ్ళు నువ్వు మోస్తావా? మా ఆవిడ నెలలు నిండి కూర్చుంది. పిల్లకు స్నానం నీ మాటలతో పోస్తావా?"

అలా ఒకరొకరు అందుకున్నారు. అమ్ముకుని పోదామన్నవాళ్ళు 'మేం ముందే చెప్పలేదా' అన్నారు. ముసలివాళ్ళు దండం పెట్టుకున్నారు. ఒకావిడ ఏడ్చింది. ఒకాయన నోయెమీని తిట్టబోయి, ఆమె కాళ్ళు చలికి నీలిరంగు తిరిగి ఉండటం చూసి, "ముందు గట్టెక్కు తల్లీ, చచ్చిపోతావ్" అన్నాడు. నోయెమీ ఎక్కలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆమె పని. ఏ వైపు చూసినా తన వల్ల బాధపడ్డ ముఖమే.

చివరికి అర్సేసియో అరచెయ్యి చూపించాడు. "చాలు. చేతులు."

కన్వీతేలో ఓటు అలాగే. బురద చెయ్యి పైకెత్తాలి, దాన్నించి మణికట్టు మీదికి నీళ్ళు కారుతుండాలి. ఎఫ్రాయిన్ చెయ్యి ముందు లేచింది. తరువాత మరొకటి, మరొకటి. లేవని చేతులు కూడా తక్కువేమీ లేవు. దియోసెలీనా రెండు చేతులూ నడుముకు ఆనించుకుని, లేచిన ప్రతి చేతివాడి ముఖంలోకీ చూసింది. కొందరు ఆ చూపుకు దించేసి మళ్ళీ ఎత్తారు. సరిసమానమా అన్నట్టు ఉంది. అందరూ అర్సేసియో వైపు తిరిగారు.

ఆయన నీళ్ళకేసి చూశాడు. లోపల్నుంచి బుడగలు బుడగలుగా ఊరుతూ ఉంది ఊట, దాని గోల దానిది. ఆయన చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడేమో, ముఖం అంతా బురదయింది.

దియోసెలీనా కాగు మీద మూత పడేసింది. "ఇవాళ నా చేతివంట ఎవరి గొంతూ దిగదు" అంది. నిజంగానే దిగలేదు. అంత కోడి, అంత వాసన, ఒక్కరూ గిన్నె పట్టలేదు. కుక్కలు చూసి చూసి పడుకున్నాయి.

వెదురు గుబుర్ల మధ్య వల కట్టారు. వెంట్రుకంత సన్నటి దారం, నీడలో కంటికి ఆనదు. ఒక గుంజ అర్సేసియో పట్టుకున్నాడు. ఎవరూ పట్టమనలేదు. "చెయ్యెత్తినవాడు కళ్ళు మూసుకుని ఇంట్లో కూర్చోకూడదు" అన్నాడంతే.

మధ్యాహ్నమంతా ఏవేవో పడ్డాయి. నీలిరెక్కలది, పచ్చగొంతుది, ఓ తేనెపిట్ట. నోయెమీ దారాలు విడదీసి ఒక్కొక్కదాన్నీ వదిలేసింది. ఊటపిట్ట మాత్రం రాలేదు. రాకపోతే బాగుండునని ఒక ఊపిరి, రావాలని ఒక ఊపిరి. లోయలోంచి మబ్బు పాకుతూ వచ్చింది. చినుకు పడితే వల మూసెయ్యాలి, తడిసిన పిట్ట వలలో చలికి చచ్చిపోతుంది. కింద రోడ్డుమీద ఎఫ్రాయిన్ హారను కొట్టాడు. పాలు విరిగిపోతాయి, ఇంక ఆగలేడు. ఒకసారి కొట్టాడు, కాసేపాగి మళ్ళీ కొట్టాడు.

అప్పుడు వల కదిలింది.

ఊటపిట్టే. గోధుమరంగు వీపు, బొగ్గుముక్కలాంటి కన్ను. నోయెమీ దారాలు తప్పించి అరచేతిలోకి తీసుకుంది. అంత చిన్న ఒంట్లో అంత వేగంగా గుండె ఎలా కొట్టుకుంటుందో! ఏం చెయ్యాలో ఆమె వేళ్ళకు తెలుసు. రెక్కల కింద రెండువైపులా వేళ్ళు పెట్టి, ఛాతీని గట్టిగా నొక్కి పట్టుకోవాలి. రక్తం చిందదు, అరుపు ఉండదు, గుండె ఆగిపోతుంది. చదువుకునే రోజుల్లో గిల్దార్దో పక్కన నిలబడి నేర్చుకుంది. ఒక్కసారే చేసింది. మళ్ళీ చెయ్యనని ఆరోజే అనుకుంది.

ఊరంతా కొంచెం దూరంగా నిలబడి ఉంది. దియోసెలీనా కూడా వచ్చింది. అరవడానికి కాదు, ఊరికే వచ్చి నిలబడింది.

నోయెమీ బొటనవేలు చోటు వెతుక్కుంది. అక్కడిదాకా వచ్చి, అలవాటు కొద్దీ, పిట్టను పట్టిన ప్రతిసారీ చేసే పని చేసింది. కొవ్వు ఎంతుందో చూడటానికి పొట్టమీద ఈకలను ఉఫ్ అని ఊదింది.

ఈకలు విడిపోయాయి. కింద ఈకలు లేవు. పొట్టంతా నున్నగా, బోడిగా, ఎర్రటి నరాలతో ఉబ్బి, పొయ్యిమీంచి దించిన రొట్టెలా వేడిగా ఉంది. గుడ్లను ఒంటికి ఆనించుకుని పొదిగే తల్లికి మాత్రమే పొట్ట అలా అవుతుంది. ఎక్కడో ఈ వెదుర్లలోనే గూడుంది. అందులో గుడ్లు చల్లబడుతున్నాయి.

"ఏమైంది తల్లీ?" అన్నాడు అర్సేసియో. "దెబ్బ తగిలిందా దానికి?"

అక్కడ నిలబడ్డవాళ్ళెవరికీ దాని పొట్ట కనపడదు. కనపడేది ఆమె ఒక్కదానికే. పొద్దున్న చెప్పినట్టే ఇదీ చెప్పేస్తే, ఎత్తిన చేతులన్నీ దిగిపోతాయి. పిట్ట ఎగిరిపోతుంది, లారీ వెళ్ళిపోతుంది, శుక్రవారం వస్తుంది, రంపాలు వస్తాయి. ఆ రంపాలకు ఈ గూడూ ఒకటే, అన్ని గూళ్ళూ ఒకటే. చెప్పకపోతే, ఊరు ఓటు వేసింది ఒక ప్రాణానికి. ఆమె తీసేది ఎన్నింటినో.

మొదటి చినుకు ఆమె మణికట్టు మీద పడింది. కింద హారను మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా.

వెదురు గుబురులోంచి మగపిట్ట పాట అందుకుంది. ఊటపిట్టలు ఒంటరిగా పాడవు. సగం ఒకటి పాడి ఆగుతుంది, మిగతా సగం దాని జంట అందుకుంటుంది. వినేవాళ్ళకు ఒకే గొంతులా ఉంటుంది. అది తన సగం పాడి ఆగింది. ఆ ఖాళీని ఊరంతా విన్నది. దియోసెలీనా వంటగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది.

నోయెమీ వేళ్ళు ఇంకా తీయలేదు. ఆ వేళ్ళ మధ్య చిన్న ఛాతీ ఒక్కసారిగా ఉబ్బింది. పిట్ట జవాబు పాడటానికి ఊపిరి తీసుకుంటోంది.